మూలకాలు కరిగే ఎత్తు: పెరంబూరు మేడ మీది ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

చెన్నై పెరంబూరులో మా వీధిలోని తెలుగు కుటుంబాల పిల్లలు ఏడెనిమిది మంది ప్రతి ఆదివారం మా మేడ మీది రేకుల షెడ్డులో చేరి సైన్సు చెప్పించుకోవడం మొదలై రెండేళ్లు కావస్తోంది. అంబత్తూరులోని ఒక కర్మాగారంలో హీట్ ట్రీట్‌మెంట్ విభాగంలో ముప్పై ఏళ్లు కొలిమిల దగ్గర గడిపిన నాకు, ఈ పిల్లలు ద్రవీభవన స్థానాలను, అంటే పదార్థాలు కరిగే ఉష్ణోగ్రతలను (సెల్సియస్ డిగ్రీల్లో), ఫోన్ నంబర్లలాగా బట్టీ పట్టడం చూస్తే ఎప్పుడూ బాధగానే ఉండేది. సోడియం 98, మెగ్నీషియం 650, అల్యూమినియం 660, సిలికాన్ 1,414, తెల్ల భాస్వరం 44 అని గడగడా అప్పజెప్పిన పిల్లవాడిని, సిలికాన్ పక్కనున్న భాస్వరం అంత లోతుకు ఎందుకు పడిపోయిందని అడిగితే, "అది పుస్తకంలో లేదు తాతగారూ" అన్నాడు. ఆ మాట విన్న నాడే ఈ అంకెలను చేత్తో తడిమి చూసుకునేలా చేయాలని నిశ్చయించుకున్నాను.

ఆలోచన చాలా సులువైనది. ఒక చెక్కపలక మీద ఆవర్తన పట్టికను గీసి, ఒక్కొక్క మూలకం గడిలో రంధ్రం వేసి, ఆ మూలకం కరిగే ఉష్ణోగ్రతకు సరిపోయే ఎత్తున గుండ్రటి కర్రను నిలబెట్టాలి. ఏడవ వరుసను వదిలేసి రేడాన్ వరకు 86 మూలకాలతో ఆపుతాను. లాంథనైడ్లకు (57 నుంచి 71 వరకు ఉన్న మూలకాలకు) కింద విడిగా ఒక పట్టీ ఉంటుంది.

ఏప్రిల్ 13

పలక కోయించకముందే కొలమానం దగ్గర చిక్కు వచ్చింది. సెల్సియస్‌లో లెక్కవేస్తే సున్నాకు కింద ఉన్నవాటిని పలకకు అడుగున వేలాడదీయవలసి వస్తుంది. పాదరసం మైనస్ 38.8 దగ్గర, నైట్రోజన్ మైనస్ 210 దగ్గర కరుగుతాయి కనుక, పలక అడుగున కూడా ఒక చిన్న అడవి మొలుస్తుంది. నీళ్లు గడ్డకట్టే చోటును సున్నా అనుకోవడం మన సౌకర్యానికే తప్ప, దానితో మూలకాలకు ఏ సంబంధమూ లేదు. అందుకని, ఏదీ అంతకన్నా చల్లబడలేని పరమశూన్యం (మైనస్ 273 డిగ్రీలు) నుంచి లెక్కించే కెల్విన్ కొలమానాన్నే తీసుకుని, 100 కెల్విన్లకు ఒక సెంటీమీటరు చొప్పున నిర్ణయించాను. ఈ లెక్కన టంగ్‌స్టన్ కర్ర 37 సెంటీమీటర్లు, ఇనుము 18, సోడియం 3.7 అవుతాయి. నైట్రోజన్‌కు 6 మిల్లీమీటర్లు, హైడ్రోజన్‌కు 1.4 మిల్లీమీటర్లు మాత్రమే దక్కుతాయి కనుక అవి కర్రలు కావు, చెక్క బిళ్లలు.

నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వడ్రంగి మేస్త్రి ఒకాయన లెక్కల కాగితం చూసి, "అయ్యా, ఒకటి మోకాలంత, దాని పక్కది గోరంత ఉంది, ఎక్కడైనా అంకె తప్పు పడిందేమో చూసుకోండి" అన్నాడు. ఆయన వేలు పెట్టింది కార్బన్, నైట్రోజన్ గడుల మీద. అంకె తప్పు కాదు. పట్టిక మొత్తంలో అంతకు మించిన పాతాళం లేదు. వడ్రంగి కంటికి మొదట ఆనినది అదే కావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఏప్రిల్ 20

ఈ వారమంతా రంగులతో గడిచింది. లోహ బంధంతో కట్టుబడినవాటికి గోధుమ రంగు, వజ్రంలోలాగా సమయోజనీయ బంధాలు (ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడేవి) స్ఫటికం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు అల్లుకున్నవాటికి నలుపు, విడివిడి అణువులుగా ఉండేవాటికి ఆకుపచ్చ, ఒంటరి పరమాణువులుగా ఉండే జడవాయువులకు తెలుపు వేశాము. రంగు ఆరగానే రెండవ వరుసను నిలబెట్టాము. లిథియం 180, బెరీలియం 1,287, బోరాన్ 2,076 డిగ్రీల చొప్పున మెట్లెక్కుతూ పోయి, కార్బన్ దగ్గర శిఖరాన్ని అందుకుని, ఆ తరువాత నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, నియాన్ నాలుగూ పలకకు అతుక్కుపోయాయి.

కార్బన్ కర్ర చివరన ఎర్ర రంగు పూశాను, ఎందుకంటే సాధారణ పీడనం దగ్గర అది కరగదు, ఘనరూపం నుంచి నేరుగా ఆవిరవుతుంది. ఆర్సెనిక్‌దీ అదే తీరు, 615 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరవుతుంది కనుక దానికీ ఎర్ర చివరే. హీలియం రంధ్రాన్ని ఖాళీగా వదిలాను. సాధారణ పీడనంలో దాన్ని పరమశూన్యం దాకా చల్లబరిచినా ద్రవంగానే ఉంటుంది; ఘనీభవింపజేయాలంటే సుమారు 25 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. 85వ గడి, అస్టాటిన్, అదీ ఖాళీయే. కరిగించి చూసేంత పదార్థం దానిది ఎవరి చేతికీ చిక్కలేదు.

పిల్లలకు నైట్రోజన్ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నేను కొంత సమయం తీసుకున్నాను. నైట్రోజన్ అణువులోని రెండు పరమాణువుల మధ్య ఉండే త్రిబంధాన్ని తెంచాలంటే మోలుకు సుమారు 945 కిలోజౌళ్లు కావాలి, అంటే మనకు తెలిసిన అతి గట్టి బంధాల్లో అదొకటి. అయినా నైట్రోజన్ మైనస్ 210 దగ్గరే కరిగిపోతుంది. కరగడానికి ఆ బంధాన్ని తెంచనక్కర్లేదు, ఒక అణువుకూ మరొక అణువుకూ మధ్య ఉన్న బలహీనమైన ఆకర్షణ సడలితే చాలు. వజ్రంలో ఆ వెసులుబాటు లేదు, అక్కడ కదలాలంటే అసలు బంధాలే తెగాలి. ఏది తెగితే పదార్థం ప్రవహిస్తుందన్నది చూడాలే గానీ, అందులో ఎంత గట్టి బంధం ఉందన్నది కాదు. ఈ ముక్క పిల్లలకు అర్థమయ్యాక భాస్వరం, గంధకం వాటంతట అవే విప్పుకున్నాయి. తెల్ల భాస్వరం నాలుగు పరమాణువుల అణువు, గంధకం ఎనిమిదింటి వలయం, క్లోరిన్ రెండింటిది, ఆర్గాన్ ఒంటరి. అణువు ఎంత పెద్దదైతే ఆకర్షణ అంత ఎక్కువ కనుక గంధకం 115, భాస్వరం 44, క్లోరిన్ మైనస్ 101, ఆర్గాన్ మైనస్ 189 అని వరుస కుదురుతుంది. మా మనవరాలు ఆ నాలుగు ముక్కలనూ ముందుగా అణువు పరిమాణం చెప్పి, ఎత్తు ఊహించి, ఆ తరువాతే కాగితం చూసి సరిపెట్టింది.

భాస్వరానికి తెల్లదాని ఎత్తే పెట్టాను. అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీలో ఉండే ఎర్ర భాస్వరం అదే మూలకమైనా, పరమాణువులు గొలుసులుగా అల్లుకుని ఉండటం వల్ల 44 డిగ్రీల దగ్గర చెక్కుచెదరదు. ఒకే మూలకానికి ఒకే ద్రవీభవన స్థానం ఉంటుందన్న అభిప్రాయం కూడా సరికాదని చెప్పడానికి ఇదే మంచి చోటు.

మే 4

ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అని పిలిచే ఎండలు ఈ రోజే మొదలు. షెడ్డులో ఉక్కపోత భరించలేక పలకను కింది గదిలోకి దించాము. మధ్యాహ్నం గదిలో థర్మామీటరు 32 డిగ్రీలు చూపింది, అంటే 305 కెల్విన్లు. ఆ అంకె చూడగానే పలక మీద 3.05 సెంటీమీటర్ల ఎత్తున, ఈ కొస నుంచి ఆ కొసకు, వరుసవరుసనా ఎర్ర దారం కట్టాలన్న ఆలోచన వచ్చింది. దారానికి పైన తలెత్తినవి పెరంబూరులో ఈ వేళ ఘనంగా ఉండే మూలకాలు, కింద ఉండిపోయినవి ద్రవాలు, వాయువులు. పదకొండు వాయువులూ, బ్రోమిన్, పాదరసం దారం కింద ఉండటం పిల్లలకు వింతగా తోచలేదు. కానీ సీసియం, గాలియం కర్రలు సరిగ్గా దారానికి ఆనుకుని నిలబడ్డాయి. సీసియం 28.5 డిగ్రీల దగ్గర, గాలియం 29.76 దగ్గర కరుగుతాయి. ఈ కొలతలో గాలియానికీ గది వేడిమికీ తేడా మిల్లీమీటరులో ఐదవ వంతు. కర్ర దారం కిందుందో పైనుందో కంటితో చూసి చెప్పలేము.

గాలియాన్ని తెప్పించవలసిందే అని ఆ నిమిషంలోనే అనుకున్నాను. సీసియం గాలి తగిలితే మండుతుంది కనుక దాని జోలికి వెళ్లేది లేదు.

మే 11

గాలియం వచ్చేలోగా అణువుల సంగతి చేత్తో చూపించడానికి బజారులో కలరా ఉండలు కొనుక్కొచ్చాను. నాఫ్తలీన్ 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేడినీళ్ల గిన్నెలో గాజు గొట్టం ముంచి చూపించవచ్చు. కిటికీలన్నీ తెరిచి, ఉండను నలిపి గొట్టంలో వేసి, థర్మామీటరు గుచ్చి కూర్చుంటే, నీళ్లు ఇంకా 60 కూడా దాటకముందే పొడి అంచులు తడిసినట్లయి, 53 దగ్గర మొత్తం నీరుగారిపోయింది. రెండోసారి చేశాము, మళ్లీ 53. థర్మామీటరును మరుగుతున్న నీళ్లలో పెట్టి సరిచూసుకున్నాను, దాని దోషం కాదు. ఆ అంకెకు సరిపోయేది పారాడైక్లోరోబెంజీన్. ఇప్పుడు బజారులో దొరికే ఉండల్లో కొన్నింట అదే ఉంటుంది. పేరు మాత్రం పాతదే నిలిచింది. ఒక పదార్థం ఏదో పోల్చుకోవడానికి రసాయన శాస్త్రజ్ఞులు వందల ఏళ్లుగా ద్రవీభవన స్థానాన్నే ఎందుకు నమ్ముకున్నారో పిల్లలకు మాటలతో చెప్పనవసరం లేకపోయింది.

ఆ తరువాత పార్క్ టౌన్ వైపు రసాయనాల దుకాణంలో అసలు నాఫ్తలీన్ తెచ్చి చూస్తే 80 దగ్గర నిక్కచ్చిగా కరిగింది. అప్పుడు ఒక అమ్మాయి, దేవుడి దగ్గర వెలిగించే కర్పూరం కూడా ఇలాగే ఉంటుంది కదా, అది ఎంత దగ్గర కరుగుతుందని అడిగింది. సహజ కర్పూరం సుమారు 176 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నాఫ్తలీన్ అణుభారం 128, కర్పూరానిది 152. అణువు కాస్తంత పెద్దదైనందుకు వంద డిగ్రీల తేడా రాకూడదు. సమాధానం నాకు వెంటనే తట్టలేదు, వచ్చే వారం చెబుతానని పంపించాను.

మే 18

వారం రోజులు ఆ ప్రశ్నతోనే గడిపాను. కర్పూరం అణువు దాదాపు బంతిలా ఉంటుంది. బంతి ఎటు తిరిగినా పక్కవాళ్లకు అడ్డం రాదు కనుక, ఘనరూపంలో ఉండగానే ఆ అణువులు తమ చోటు వదలకుండా దొర్లుతూ ఉంటాయి. అంటే ఆ ఘనం అప్పటికే సగం క్రమం తప్పి ఉంది. కరిగినందువల్ల కొత్తగా దొరికే స్వేచ్ఛ చాలా తక్కువ. స్వేచ్ఛ లాభం తక్కువైనప్పుడు కరిగించడానికి ఎక్కువ వేడిమి కావాలి. నాఫ్తలీన్ బల్లపరుపు అణువు, ఘనంలో కదలకుండా ఇటుకల్లా పేర్చుకుని ఉంటుంది. కరిగితే ఒక్కసారిగా ఎంతో స్వేచ్ఛ వస్తుంది, కనుక ముందే కరుగుతుంది. కరిగించడానికి పట్టే శక్తిని, కరిగితే పెరిగే క్రమరాహిత్యంతో భాగిస్తే వచ్చేదే ద్రవీభవన స్థానం. పై అంకె (శక్తి) ఒక్కటే చూసి నేను ఇన్నాళ్లూ పిల్లలకు పాఠం చెప్పాను, కింది అంకె (క్రమరాహిత్యం) గురించి ఎత్తనే లేదు.

ఇదే సందర్భంలో బెంజీన్, టాలీన్ జంట గుర్తుకొచ్చింది. టాలీన్ అంటే బెంజీన్‌కు ఒక చిన్న కొమ్మ అతికించినట్లుండే, బరువైన అణువు. బెంజీన్ 5.5 డిగ్రీల దగ్గర కరుగుతుంటే అది మైనస్ 95 దగ్గరే కరుగుతుంది. ఆ కొమ్మ వల్ల స్ఫటికంలో ఇమడటం కష్టమవుతుంది.

మే 25

గాలియం వచ్చింది, 20 గ్రాములు, ప్లాస్టిక్ సీసాలో. వచ్చినప్పటికే ద్రవం. సీసాను వంపితే పాదరసంలా కనిపిస్తుంది గానీ, పాదరసంలా ముత్యాలై పరుగెత్తదు, గోడకు పూతలా పట్టుకుంటుంది. పిల్లలందరూ చేతి తొడుగులు వేసుకుని చూశారు.

సాయంత్రం సర్దేటప్పుడు ఒక చుక్క నా అల్యూమినియం స్కేలు మీద పడింది. కత్తి గీతలు పడిన చోటే పడింది. తుడిచి పెట్టేశాను. మర్నాడు కర్ర కొలవడానికి స్కేలు తీస్తే, ఆ చోట కొద్దిగా బూడిద రంగు మరక కనిపించింది, వేలితో నొక్కగానే స్కేలు తడిసిన బిస్కెట్టులా విరిగింది. విరిగిన అంచున లోహపు మెరుపు లేదు, గరుకుగా రవ్వలాగా ఉంది. లోహం పైకి ఒకే ముక్కలా ఉన్నా లోపల లెక్కలేనన్ని చిన్న స్ఫటికాల కూర్పు. గాలియం ఆ స్ఫటికాల మధ్య సరిహద్దుల్లోకి చొచ్చుకుపోయి, ఒకదాన్నొకటి పట్టుకునే శక్తిని హరించింది. కొలిమి పనిలో అన్నేళ్లు రేణువుల పరిమాణం గురించి రిపోర్టులు రాసిన నాకు, ఆ సరిహద్దులను అంత స్పష్టంగా వేలికొనతో తాకడం అదే మొదటిసారి. ఆ రెండు ముక్కలనూ పలక పక్కన మేకుకు తగిలించాను. గాలియం సీసా ఇప్పుడు స్టీలు పళ్లెంలో ఉంటోంది. దాన్ని అల్యూమినియం వస్తువుల దరిదాపులకు రానివ్వకూడదని కాగితం అంటించాను.

జూన్ 1

నాలుగు, ఐదు, ఆరు వరుసలు పూర్తయ్యాయి. స్కాండియం నుంచి వనేడియం, క్రోమియం దాకా ఎక్కి (1,541 నుంచి 1,910 వరకు), మాంగనీసు దగ్గర 1,246కు ఒక గుంత పడి, ఇనుము దగ్గర తేరుకుని, రాగి 1,085, జింకు 420 అని దిగిపోతుంది. ఆరవ వరుసలో టంగ్‌స్టన్ 3,422 శిఖరం. లోపలి పొరలోని ఎలక్ట్రాన్లు (డి-ఎలక్ట్రాన్లు అంటారు) సగం నిండే దగ్గర బంధాలు అత్యంత బలంగా ఉండి, నిండేకొద్దీ సడలిపోవడం కళ్లకు కట్టింది. లాంథనైడ్ల పట్టీలో యూరోపియం, యిటర్బియం రెండూ తమ పక్కవాటి కంటే వందల డిగ్రీలు కిందికి దిగి పళ్లూడిన చోటులా కనిపించాయి. మిగతావి బంధానికి మూడేసి ఎలక్ట్రాన్లు ఇస్తే, ఆ రెండూ రెండేసి మాత్రమే ఇస్తాయి.

బంగారం 1,064, దాని పక్కనే పాదరసం మైనస్ 39. పాదరసం పరమాణువులో బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకం దగ్గరకు ముడుచుకుపోయి, పంచుకోవడానికి ముందుకు రావు. బరువైన కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంలో గణనీయమైన భాగం కావడం వల్ల, ఐన్‌స్టయిన్ సాపేక్షతా సిద్ధాంతం చెప్పిన ప్రభావం ఇక్కడ పనిచేస్తుంది. 2013లో వెలువడిన గణనల ప్రకారం, ఆ ప్రభావమే లేకపోతే పాదరసం ద్రవీభవన స్థానం వంద డిగ్రీలకు పైగా ఎక్కువ ఉండేది, అంటే మనకు తెలిసిన పాదరసం థర్మామీటరే ఉండేది కాదు.

జూన్ 8

గాలియం గడి దగ్గర ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అల్యూమినియం 660, దాని కిందనే ఉన్న గాలియం 30. రెండింటికీ మూడేసి బయటి ఎలక్ట్రాన్లే. బంధం బలహీనం కనుకనే త్వరగా కరుగుతోందని చెబితే పాఠం ముగిసిపోతుంది గానీ, అది నిజం కాదు. గాలియం మరగాలంటే 2,200 డిగ్రీలకు పైనే కావాలి. బలహీనమైన బంధాలున్న లోహం అంత వేడిమికి నిలవదు. పాదరసం 357 దగ్గరే మరుగుతుంది, అది నిజంగా బలహీనమైనది.

కర్పూరం నేర్పిన పాఠం ఇక్కడ అక్కరకొచ్చింది. ఘనాన్ని ఒంటరిగా చూడకూడదు, ద్రవంతో పోల్చాలి. మామూలు లోహంలో ఒక్కో పరమాణువు చుట్టూ పన్నెండో ఎనిమిదో పరమాణువులు సమాన దూరంలో ఒద్దికగా చేరతాయి. ఘన గాలియంలో ఒక్కో పరమాణువుకు 244 పికోమీటర్ల (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్ల వంతు) దూరంలో ఒకే ఒక్క దగ్గరి తోడు ఉంటుంది, మరో ఆరు 270 నుంచి 279 వరకు దూరంగా ఉంటాయి. అంటే అది సగం లోహం, సగం జంటల కూర్పు. కరిగితే ఆ జంటల కట్టుబాటు సడలి, పరమాణువులు మరింత దగ్గరగా చేరతాయి. అందుకే ఘన గాలియం సాంద్రత 5.91 ఉంటే, ద్రవానిది 6.09, అచ్చం మంచుగడ్డ నీళ్ల మీద తేలినట్లు ఘనం ద్రవం మీద తేలుతుంది. ద్రవరూపంలోనే అంత సౌకర్యంగా ఉన్నప్పుడు ఘనంగా ఉండటానికి దానికి పెద్ద కారణం లేదు.

1871లో, ఆవర్తన పట్టికను రూపొందించిన మెండెలీవ్ ఈ గడిని ఖాళీగా ఉంచి, ఇక్కడ రాబోయే లోహం తక్కువ వేడిమికే కరుగుతుందని ముందుగానే రాశాడు. 1875లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ల్కాక్ ద బ్వాబోద్రాన్ దాన్ని కనుగొన్నాడు. కర్రను గడిలో గుచ్చుతున్నప్పుడు ఆ సంగతి పిల్లలకు చెబుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

జూన్ 15

ఘన గాలియాన్ని పిల్లలు ఇంతవరకు చూడలేదు. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర సీసాను రెండు రోజులు ఉంచినా గడ్డకట్టలేదు. గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రతకు ఆరు డిగ్రీలు కిందికి వెళ్లినా, మొదటి స్ఫటికం పుట్టడానికి ఆనవాలు దొరకక అది ద్రవంగానే నిలిచిపోతుంది. ఈ రోజు ఒక చుక్కను ప్లాస్టిక్ మూతలో వేసి ఫ్రీజర్‌లో ఘనం చేసి, ఆ తునకను చెంచాతో తీసి సీసాలో వదిలాము. మునగలేదు, తేలింది. తునక చుట్టూ అద్దంలాంటి ఉపరితలం మీద ఒక మసక అంచు పుట్టి, నెమ్మదిగా గోడల వైపు జరగసాగింది. అంచు దాటిన చోట నునుపు పోయి పలకలు పలకలుగా ముఖాలు తేలాయి. ఇంకా ద్రవంగా ఉన్న భాగంలో గుచ్చిన థర్మామీటరు 24 నుంచి ఎక్కుతూ 29.5 దగ్గరికి వచ్చి, అక్కడే చాలాసేపు నిలబడింది. చల్లని గదిలో, ఎవరూ వేడి చేయకుండా, గడ్డకడుతున్న లోహం తానే వేడెక్కడం చూసి మా మనవరాలు, "తాతయ్యా, కరగడానికి తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తోంది" అంది.

జూన్ 22

పిల్లలు ఒక మార్పు కోరారు, అది నాకూ న్యాయంగానే తోచింది. కర్ర ఎత్తు బంధం బలాన్ని చెబుతుందని చూసినవాళ్లు పొరపాటు పడతారు కనుక, ప్రతి కర్ర పక్కనా మరుగు స్థానానికి ఒక సన్నని ఇనుప తీగ నిలబెట్టాలన్నారు. ద్రవం ఆవిరి కావాలంటే పరమాణువులు పూర్తిగా విడిపోవాలి కనుక, పట్టు ఎంతటిదో తీగే నిజాయితీగా చెబుతుంది. మూడవ వరుసతోనే మొదలుపెట్టాము. మెగ్నీషియం, అల్యూమినియం కర్రల మధ్య తేడా పది డిగ్రీలే, అంటే ఒక మిల్లీమీటరు. అల్యూమినియానికి ఉన్న మూడో బయటి ఎలక్ట్రాన్ వల్ల ఒరిగిందేమిటని ఇదివరకు అడిగినవాడికి ఇప్పుడు తీగలు జవాబు చెప్పాయి. మెగ్నీషియం 1,090 దగ్గర మరుగుతుంటే, అల్యూమినియం 2,450 కూడా దాటాలి.

గాలియం మరుగు స్థానం పుస్తకానికీ పుస్తకానికీ రెండు వందల డిగ్రీల దాకా తేడాగా ఉంది. తక్కువ అంకెనే తీసుకుని 24.8 సెంటీమీటర్ల తీగ కోశాను. మూడు సెంటీమీటర్ల గోధుమ రంగు ముక్క పక్కన, ఎర్ర దారాన్ని దాటి, ఇనుము కర్రను కూడా దాటి, ఆ తీగ నిలబడింది. మిగిలిన తీగలు వచ్చే ఆదివారం.